బ్రేక్ పెడల్ మెత్తబడితే: గాలా, నీరా, వాషరా?

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళినా, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళినా డెల్టాలో రోడ్డు బల్లపరుపే. కాలవ గట్టు ఎక్కి దిగడం తప్ప ఎత్తుపల్లాలు లేవు. బ్రేకులు బాగా వేడెక్కే పని పడదు కాబట్టి, ఇక్కడే తిరిగే కారుకి బ్రేక్ ఆయిల్ పాడైనా చాలాకాలం బయటపడదు. ఓ ఆదివారం పిల్లలతో మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నప్పుడో, తిరుమల కొండ దిగుతున్నప్పుడో పెడల్ ఒక్కసారిగా లోపలికి జారుతుంది. అప్పటిదాకా "మన బండి బ్రేకులు బ్రహ్మాండం" అన్నవాళ్ళకి చెమటలు పడతాయి.

అలాగని పెడల్ తేడా చేసిన ప్రతిసారీ గాలి తీయడం మందు కాదు. మా వైపు బ్రేక్ మెత్తగా ఉందనగానే పానా పట్టుకుని, చక్రం దగ్గర గాలి వదలడానికుండే చిన్న మర, నిపుల్, విప్పేస్తారు. గాలి చేరితే ఒకలా, నీరు చేరితే ఒకలా, లోపల ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు వాషరు అరిగితే ఇంకోలా పెడల్ కదులుతుంది. నిపుల్ ముట్టుకునే ముందే కాలితో తేల్చుకోవాలి.

సమస్య: తొక్కితే మెత్తగా దిగుతుంది, రెండు మూడుసార్లు పంపు కొడితే పైకి వచ్చి గట్టిపడుతుంది

బ్రేక్ ఆయిల్ పోయే లైనులో గాలి ఉందని ముందు అనుమానించాలి. ఈమధ్య హోస్ పైపు మార్చి ఉంటే, బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా, రిజర్వాయర్, ఖాళీ అయి ఉంటే దాదాపు అదే. కానీ వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లలో, డ్రమ్‌ని లోపలి నుంచి ఒరిసి ఆపే షూలు అరిగి దానికి దూరమైనా ఇదే లక్షణం. తేడా తెలుసుకోవడం తేలిక. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ నాలుగైదు క్లిక్కులు లాగి పెడల్ తొక్కండి. మామూలు కంటే పైనే గట్టిగా ఆగితే లోపం షూ అడ్జస్ట్‌మెంట్‌లో ఉంది. మార్పేమీ లేకపోతే గాలి తీయాలి.

సమస్య: కాలు అలాగే నొక్కి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతూనే ఉంటుంది

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఆయిల్ బయటకి కారుతూ ఉండాలి, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల వాషరు అరిగి ఆయిల్ వెనక్కి జారుతూ ఉండాలి. నాలుగు చక్రాల లోపలి వైపు, డ్రమ్ వెనక ప్లేటు అడుగున, డ్రైవర్ కాళ్ళ దగ్గర పెడల్ పైభాగాన తడి ఉందేమో వేలితో తడిమి చూడండి. ఎక్కడా తడి లేదు, రిజర్వాయర్‌లో మట్టం తగ్గలేదు అంటే మాస్టర్ సిలిండరే. ఎన్ని డబ్బాలు పోసి గాలి తీసినా ఇది నయం కాదు. సిలిండర్ మార్చాలి, లేదా దానికి కొత్త వాషర్ల కిట్ వేయించాలి. అప్పటిదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు.

సమస్య: పొద్దున్న బాగుంటుంది, వరసగా బ్రేకులు వేస్తే మెత్తబడుతుంది, చల్లారాక మళ్ళీ మామూలే

ఇదీ అసలైన నీటి జబ్బు, మన డెల్టా జబ్బు కూడా. బ్రేక్ ఆయిల్ గ్రేడుని డాట్ (DOT) అంకెతో చెబుతారు. సిలికాన్ రకమైన డాట్ 5 వదిలేస్తే, బ్రేక్ ఆయిల్ దాదాపు అంతా గ్లైకాల్ ఈథర్ రకమే. గాలిలో తేమని పీల్చుకునే గుణం దానిది. రబ్బరు హోసుల గుండా, రిజర్వాయర్ మూత దగ్గర నుంచి కొద్దికొద్దిగా తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం ఉన్నచోట గాలిలో తేమకి కరువేముంది?

డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. దానిలో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 కి ఆ అంకెలు 230, 155. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడి, డిస్కుని పట్టి నొక్కే క్యాలిపర్‌లోకి పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీరు తొక్కిన బలమంతా బుడగలని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు.

దారిలో ఇలా జరిగితే కంగారుపడకుండా పెడల్ పంపు కొట్టండి, ఒక్కో గేరే తగ్గించండి, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగుతూ పక్కకి ఆపండి. పూర్తిగా చల్లారేదాకా కదలకండి. కాలిన డిస్కు మీద నీళ్ళు పోస్తే అది వంకర తిరగొచ్చు. ఇంటికొచ్చాక పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది ఎక్కించాలి. రిజర్వాయర్‌లో పైపైన కొత్త ఆయిల్ కలిపితే చాలదు, నీరు చేరిన ఆయిల్ చక్రాల దగ్గరే ఉండిపోతుంది.

సమస్య: బండి ఒక పక్కకి లాగుతుంది, ఒక చక్రం కాలిపోతోంది

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి క్యాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అనుమానం ఉన్న చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేక్ తొక్కించి వదిలించండి. చక్రం తిరగకపోతే నిపుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల ఇరుక్కుంది. ఎక్కువగా హోస్ పైపు లోపలి గోడ ఉబ్బి దారి మూసేయడం వల్ల అలా జరుగుతుంది, హోసు మార్చాలి. వదులు కాకపోతే పిన్నో, పిస్టనో పట్టేసింది. పిన్నులకి బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రబ్బరు బూటుని ఉబ్బించేస్తుంది.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే ఆయిల్ జోలికి వెళ్ళకండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు కొట్టి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త దిగాలి. దిగకపోతే మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదా దాని వాక్యూమ్ పైపు చూపించండి.

వరద నీళ్ళలో నిలిచిన బండి సంగతి వేరు. లంక ఊళ్ళలో ఏటా ఎవరో ఒకరి బండికి ఇది తప్పదు. చక్రాల సగం దాకా మునిగితే డ్రమ్ములు విప్పి బురద కడిగి ఆరబెట్టాలి. రిజర్వాయరే మునిగితే ఆయిల్ మొత్తం మార్చాల్సిందే. తడిసిన బండిని హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే షూలు డ్రమ్‌కి అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రాలకి అడ్డు వేయడం మేలు.

ఇంట్లో మార్చే పద్ధతి

కావలసినవి తక్కువే. రిజర్వాయర్ మూత మీద రాసిన గ్రేడు ఆయిల్ సీలు తీయనిది, ఒక లీటరు. చాలా కార్లకి నిపుల్ 8 లేదా 10 నంబరు, రింగు పానానే వాడండి. అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన పైపు, ఒక ఖాళీ సీసా, పెద్ద సిరంజి, జాకీ స్టాండ్లు. డాట్ 5 ని మిగతావాటితో కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా వాషర్లు ఉబ్బి మొత్తం సిస్టమ్ పోతుంది.

సిమెంటు నేల ఉంటే అక్కడే చేయండి. మన ఒండ్రు నేలలో జాకీ దిగబడిపోతుంది, తప్పకపోతే కింద మందపాటి తాటి పట్టె వేయండి. నేల మీద ఉండే చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కింద తల పెట్టొద్దు.

రిజర్వాయర్‌లో నల్లబడిన ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది పోయండి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కార్లలో సాధారణంగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ బండి మాన్యువల్‌లో వేరే వరస ఉంటే అదే పాటించండి.

పెడల్ దగ్గర ఒక మనిషి కావాలి. ఇంజిన్ ఆపే ఉండాలి. మీరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్‌కి రింగు పానా, దాని మీద పైపు తగిలించి, పైపు రెండో కొసని సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్‌లో ముంచండి.

"తొక్కి పట్టు."

"పట్టాను బావా."

అప్పుడు పావు చుట్టు వదులు చేస్తే పైపులోకి టీ డికాషన్ లాంటి ఆయిల్ బుడగలతో వస్తుంది, బామ్మర్ది కాలు కిందికి దిగుతుంది. నిపుల్ బిగించాకే "వదులు" అనాలి. వరస తప్పి ముందే కాలు తీస్తే ఆయిల్‌తోపాటు గాలి వెనక్కి లాగేసుకుంటుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. రోజూ దిగని లోతుకి పెడల్ దిగితే, మాస్టర్ సిలిండర్‌లో తుప్పు పట్టిన చోట వాషరు గీసుకుపోతుంది. గాలి తీసిన మర్నాడే పెడల్ జారిపోయిందని మెకానిక్‌ని తిట్టేవాళ్ళలో సగం మంది కథ ఇదే.

ఐదారు తొక్కుళ్ళకోసారి రిజర్వాయర్ చూసుకోండి. అది ఖాళీ అయితే చేసిన పనంతా వృథా. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ఆ యూనిట్‌లోకి గాలి పోతే, కొన్నింటికి స్కానర్ తగిలించి పంపు తిప్పిస్తే తప్ప బయటకి రాదు. ఆ స్థితి వస్తే ఇంట్లో కుస్తీ మానేసి వర్క్‌షాపుకి తీసుకెళ్ళండి.

లేత పసుపు ఆయిల్ బుడగలు లేకుండా వచ్చేదాకా ఒక్కో చక్రానికీ ఇలా చేయాలి. బుడగలు ఎంతకీ ఆగకపోతే రెండు చూడండి. ఒకటి, నిపుల్ మరల దగ్గర నుంచి బయటి గాలి పైపులోకి దూరుతోందేమో. మరల బయటి అంచుకి కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే తెలిసిపోతుంది. రెండు, ఎవరైనా క్యాలిపర్లు ఎడమది కుడికి బిగించారేమో. నిపుల్ పైన ఉండాలి, కింద ఉంటే గాలి ఎన్నటికీ రాదు.

నిపుల్ తుప్పుపట్టి కదలకపోతే బలం చూపించొద్దు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొద్దున్న చిన్న సుత్తితో తట్టి, అప్పుడు రింగు పానా వేయండి. విరిగితే క్యాలిపర్ ఖర్చు మీద పడుతుంది. బిగించేటప్పుడూ అంతే, మణికట్టు బలం చాలు. రబ్బరు టోపీ పెట్టడం మర్చిపోవద్దు.

పెయింటు మీద ఆయిల్ పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్ళు పోసి కడగాలి. పాత ఆయిల్ కాలవలో, చెరువులో పోయకుండా సీసాలో మూతపెట్టి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇచ్చేయండి. డబ్బాలో మిగిలింది వచ్చేసారికి దాచొద్దు, మూత తీశాక అదీ తేమ పీల్చుతుంది. మాన్యువల్‌లో వేరే గడువు లేకపోతే రెండేళ్ళకోసారి మార్చడం మనకి సరైన లెక్క.

అన్నీ అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి పెడల్ నిమిషంపాటు గట్టిగా నొక్కి పట్టండి, దిగకూడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద నడక వేగంలో రెండుసార్లు ఆపి చూశాకే స్పీడు పెంచండి. మర్నాడు పొద్దున్న నాలుగు నిపుల్స్ వేలితో తడిమి, రిజర్వాయర్ మట్టం చూసి, అప్పుడు బండి బయటికి తీయండి.