గ్రూపు నిర్వహణ, నాలుగో పాఠం: ఒక మెసేజ్‌ను తీసేసే ముందు

మూడో పాఠం చివర మీ వాట్సాప్ గ్రూపుకు నియమాలు రాసుకొమ్మని చెప్పాను. అవి ఐదుకు మించవద్దని, ప్రతి నియమమూ మనిషిని కాక మెసేజ్‌ను ఉద్దేశించి ఉండాలని అక్కడ అనుకున్నాం. మీరు రాసిన వాటిలో "చెడ్డ మెసేజ్‌లు పెట్టరాదు" అనే వాక్యం ఉంటే ముందుగా దానిని కొట్టివేయండి. చెడ్డతనానికి కొలత లేదు కనుక ఆ నియమం చివరకు అడ్మిన్‌కు నచ్చని మెసేజ్‌లన్నింటికీ వర్తిస్తుంది, ఆయన బావమరిది పెట్టిన వాటికి మాత్రం వర్తించదు. "సభ్యుణ్ణి తిట్టే మాట ఉండరాదు", "తేదీ లేని ధర పెట్టరాదు" అన్నట్లుగా, ఎవరు చదివినా అవునో కాదో తేల్చగలిగేలా నియమం ఉండాలి. అటువంటి నియమాన్ని ఒకరు దాటినప్పుడు ఏం చేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

వరంగల్ జిల్లాలోని నర్సంపేట, నల్లబెల్లి, దుగ్గొండి ప్రాంతాల మిర్చి రైతుల గ్రూపు ఒకదాన్ని నేను కొంతకాలం చూసుకున్నాను. అందులో జరిగిన ఒక తగాదానే ఉదాహరణగా తీసుకుంటాను. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజన్‌లో, వచ్చిన సరుకులోని మేలైన లాటుకు, అంటే ఒక రైతు తెచ్చిన బస్తాల కుప్పకు, ఉదయం వ్యాపారులు పాడే అత్యధిక ధరను జెండా పాట అంటారు. మిగతా బస్తాలకు రంగు, తేమ, తాలు చూసి చాలావరకు అంతకంటే తక్కువకే కొంటారు. ఒక రోజు ఒక సభ్యుడు తేజ అనే మిర్చి రకానికి పలికిన జెండా పాటను, అది జెండా పాట అని చెప్పకుండా, "ఇయ్యాల ఏనుమాముల ధర" అని గ్రూపులో పెట్టాడు. దానిని నమ్మి మరునాడు ఒక రైతు బండి కిరాయికి మాట్లాడుకొని సరుకు తీసుకుపోతే, క్వింటాలుకు రెండు వేలు తక్కువ పలికింది. సాయంత్రం ఆయన గ్రూపులోకి వచ్చి, ధర పెట్టినవాడిని దళారుల మనిషి అని తిట్టాడు. అరగంటలో గ్రూపు రెండు వర్గాలైంది.

ఇక్కడ తీసివేయవలసింది ఏ మెసేజ్? కొత్త అడ్మిన్లు సాధారణంగా రెండోదాన్ని వెంటనే తీసేస్తారు, ఎందుకంటే తిట్టు కంటికి కనిపిస్తుంది. నేనూ ఆనాడు అదే చేశాను, అది సగం పని మాత్రమేనని తరువాత తెలిసింది. నష్టపోయినవాడి మాట మాయమై, నష్టానికి కారణమైన మాట అలాగే నిలిచి ఉంటే, చూసేవారికి అడ్మిన్ ఎవరి పక్షమో చెప్పకనే చెప్పినట్లవుతుంది. మొదటి మెసేజ్ అబద్ధం కాదు, సగం నిజం. సగం నిజాన్ని తీసివేయవద్దు, మిగతా సగం దాని కిందనే చేర్పించాలి. "ఇది జెండా పాట, సాధారణ లాట్ల ధర ఇంతకంటే తక్కువ" అని ఆ సభ్యుడిచేతనే రాయిస్తే తగాదాకు మూలం అక్కడే తెగుతుంది. ఆ తరువాత మేము నియమాన్ని కూడా మార్చుకున్నాం: ధర పెట్టేవారు తేదీ, యార్డు, రకం చెప్పాలి, అది జెండా పాటో తన సొంత లాటు అమ్మిన ధరో కూడా చెప్పాలి. తగాదాలు సగానికి పైగా మంచి నియమం లేకనే వస్తాయని, మనుషుల గుణం వల్ల వచ్చేవి తక్కువని నా అనుభవం.

ఇక తిట్టు ఉన్న మెసేజ్ సంగతికి వద్దాం. దానిని ముట్టుకోకముందు పైన జరిగిన సంభాషణ మొత్తం చదవాలి. తరువాత ఆ సభ్యుడికి విడిగా ఫోన్ చేయాలి, లేదా విడిగా రాయాలి. పదిమందిలో మందలించినవాడు తప్పు ఒప్పుకోవడం అరుదు, అదే మాట పక్కకు పిలిచి చెబితే ఆలోచిస్తాడు. వాట్సాప్‌లో ఎవరు పెట్టిన మెసేజ్‌ను వారు అందరికీ కనిపించకుండా తొలగించుకోవడానికి రెండు రోజుల పైచిలుకు గడువు ఉంది. కాబట్టి తొలి ప్రయత్నంగా ఆయనచేతనే తీయించాలి. "కాకా, నీ బాధ నిజమే, ధర పెట్టిన తీరు తప్పే, దాన్ని సరిచేయిస్తున్న. ఆ 'దళారి మనిషి' అన్న ఒక్క మాట తీసేసి, నీకు ఎంత పలికిందో, ఎందుకు తగ్గించిండ్రో రాయి, మిగతావాళ్ళకు పనికొస్తది" అని నేను రాసి ఉండవలసింది. ఈ నాలుగు ముక్కలలోని వరుసను గమనించండి: ముందు ఆయన బాధను ఒప్పుకోవడం, తరువాత ఫలానా మాట అని వేలు పెట్టి చూపడం, చివరకు దాని స్థానంలో ఏం రాయవచ్చో చెప్పడం.

పై మెసేజ్‌లో "నీ" అని ఎందుకు ఉందని మీరు అడగవచ్చు. మన ఓరుగల్లు పల్లెలలో పెద్దవారిని కూడా కాకా, బాపూ, అన్నా అని పిలిచి నువ్వు అనడం ఆప్యాయతే, అందులో అమర్యాద లేదు. నోటితో అన్నప్పుడు గొంతు ఆ ఆప్యాయతను మోసుకుపోతుంది, రాసినప్పుడు గొంతు ఉండదు. ముఖపరిచయం లేని సభ్యుడికి, ముఖ్యంగా మన జిల్లాల బయటినుండి చేరినవారికి, వరుస లేని "నువ్వు" చెంపదెబ్బలా తగులుతుంది. అందుచేత ఒక చిన్న పద్ధతి పాటించండి: వరుస కలిపి పిలిచేటంత పరిచయం ఉంటే నువ్వు, లేకుంటే మీరు. ఇంగ్లిషులో అన్నీ పెద్ద అక్షరాలతో రాస్తే అరిచినట్లని పాత ఇంటర్నెట్ మర్యాద చెబుతుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలే లేవు గనుక మనం ఏకవచనంతోనూ, వరుసగా ఆరేడు ఆశ్చర్యార్థకాలతోనూ, అర్ధరాత్రి పెట్టే ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌తోనూ అరుస్తాం.

ఆ పాత మర్యాదలను 1995 అక్టోబరులో, ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్ వారు ఆర్ఎఫ్‌సీ 1855 అనే పత్రంగా కూర్చారు. ఆవేశంతో రాసిన జవాబును పంపకముందు ఒక రాత్రి గడవనివ్వమన్న సలహా అందులో ఉంది. గ్రూపులో వేడి పెరిగినప్పుడు అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగ్ మార్చి తెల్లవారేదాకా ఉంచడం ఆ సలహాకు నేటి రూపం. అయితే ఎప్పుడు తిరిగి తెరుస్తారో సమయం చెప్పి మూయండి.

సభ్యుడు వినకపోతే మీరే తీసేయాలి. అడ్మిన్ తొలగించిన చోట ఫలానా అడ్మిన్ తొలగించాడన్న గుర్తు మిగిలిపోతుంది, కాబట్టి కారణం చెప్పకపోతే పుకారు పుడుతుంది. వెంటనే ఒక్క వాక్యం రాయండి: "రెండో నియమం ప్రకారం ఒక మెసేజ్ తొలగించాం." పేరు రాయవద్దు, ఉపన్యాసం అసలే వద్దు. ఒక నోటుబుక్కులో తేదీ, నియమం, తీసుకున్న చర్య రాసిపెట్టుకుంటే, ఆరు నెలల తరువాత "నాది తీసేసి ఆయనది ఉంచినవు" అన్న ఫిర్యాదుకు జవాబు మీ చేతిలో ఉంటుంది.

అడగకుండా, ఆగకుండా తీసేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఇతరుల ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు ఫోటోలు, అనుమతి లేకుండా పెట్టిన ఆడవారి ఫోటోలు, మనుషులమీదికి జనాన్ని ఉసిగొల్పే పుకార్లు ఈ కోవలోవి. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు తెలంగాణతో సహా పలు రాష్ట్రాలలో అమాయకుల ప్రాణాలు తీసింది. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్‌కు రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది, అది కనిపిస్తే ముందు తీసేసి తరువాత విచారించండి. సభ్యుడు పెట్టిన తప్పుడు మెసేజ్‌కు అడ్మిన్ అయినంత మాత్రాన క్రిమినల్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. అది విని చేతులు కట్టుకొని కూర్చోవడం తగదు.

ఒక చిక్కు మిగిలింది: తగాదాలో అడ్మినే ఒక పక్షమైతే? రచ్చకట్ట మీద పెద్దమనిషి తన ఇంటి తగాదాకు తానే తీర్పరిగా కూర్చోడు. సముదాయ చర్చల పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్న తెలుగు వికీపీడియా వంటి చోట్ల కూడా, తాను పాల్గొన్న వివాదంలో నిర్వాహకుడు తన అధికారాన్ని వాడకపోవడమే మర్యాద. ఇందుకోసమే గ్రూపుకు ఇద్దరు అడ్మిన్లు ఉండాలని రెండో పాఠంలో చెప్పాను, వారిద్దరూ ఒకే ఇంటివారు కాకపోతే మరీ మంచిది. మిమ్మల్ని తిట్టిన మెసేజ్‌ను మీరు తీయకండి, రెండో అడ్మిన్‌కు చూపి ఊరుకోండి.

ఈ వారం అభ్యాసం. మీ గ్రూపులో గత నెలలో తొలగించిన, లేదా తొలగించాలనిపించిన మూడు మెసేజ్‌లను గుర్తు చేసుకోండి. ఒక్కొక్కటి ఏ నియమాన్ని దాటిందో రాయండి. ఏ నియమమూ దొరకకపోతే, తప్పు మెసేజ్‌దా, నియమాలదా అన్నది రెండు వాక్యాలలో రాయండి. ఆ ముగ్గురు సభ్యులలో ఒకరికి విడిగా పంపవలసిన మెసేజ్‌ను, సరైన వరుస కలిపి, నలభై మాటలకు మించకుండా రాసి, ఒక రాత్రి పక్కన పెట్టి మరునాడు చదవండి. సభ్యుణ్ణి గ్రూపునుండి తీసేయడం, కొన్నాళ్ళకు తిరిగి చేర్చుకోవడం ఐదో పాఠంలో నేర్చుకుంటాం. ఆ నోటుబుక్కు అప్పుడు కావలసి వస్తుంది.