ఉష్ణం, రక్తప్రసరణ పాఠాల్లో పదాలు బట్టీ కొట్టకుండా గుర్తుపెట్టుకోవడం ఎలా?

మా అన్నయ్య వాళ్ళ పాప పదో తరగతి, మొన్న జఠరిక అంటే ఏంటే అనడిగితే కడుపులో ఉంటుంది బాబాయ్ అంది, అదేమో గుండెలో గది. తనని ఏమంటాం, జఠర రసం కడుపుదే కదా మరి.

స్టెప్ 1: పదాన్ని విరవండి. కర్ణం అంటే చెవి, జఠరం అంటే పొట్ట. గుండెలో పై గదులు రెండూ కర్ణికలు, కింద గదులు రెండూ జఠరికలు, అంటే పైన చెవులు కింద పొట్టలు, మన ఒంట్లో ఉన్న వరసే, ఇంక మర్చిపోరు.

స్టెప్ 2: వంటింట్లోకి పదండి. గ్లాసుడు నీళ్ళు, బిందెడు నీళ్ళు విడివిడిగా మరిగించారనుకోండి, రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే, కానీ బిందెకి గ్యాస్ ఎంత కాలిందో చూడండి, అది ఉష్ణం. మరిగాక మంట ఎంత పెంచినా 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆ వేడంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, గ్రాముకి 540 కేలరీలు, థర్మామీటర్‌కి కనపడకుండా దాక్కుంటుంది కాబట్టి గుప్తోష్ణం. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే మరిగే నీళ్ళకన్నా ఎక్కువ కాలుతుంది కదా, ఆ దాక్కున్నదంతా మన చేతిమీద బయటికొస్తుంది మరి. (ఇది మాత్రం చేసి చూడక్కర్లేదు.) మంచు కరగడానికైతే గ్రాముకి 80 కేలరీలు చాలు.

స్టెప్ 3: చెయ్యి చాపండి. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనిస్తే కొట్టుకునేది ధమని. ఇప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తే అరచేతి వెనకాల ఉబ్బుతాయి చూడండి, ఇళ్ళలో నరాలు అంటాం గానీ అవి సిరలు. ఒకదాన్ని వేళ్ళ వైపు ఒక వేలితో నొక్కి ఉంచి, ఇంకో వేలితో మణికట్టు వైపు రుద్దండి, చప్పబడుతుంది, నొక్కిన వేలు తియ్యగానే మళ్ళీ నిండుతుంది, రక్తం గుండె వైపు పోతోందన్నమాట. 1628లో ఇంగ్లండ్ డాక్టర్ విలియం హార్వే కూడా చేతి సిరల్ని ఇలా నొక్కే నిరూపించాడు. మంచి రక్తం ధమని, చెడు రక్తం సిర అని మాత్రం దయచేసి నేర్పకండి, గుండె నుంచి బయల్దేరితే ధమని, గుండెకొస్తే సిర, అంతే. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే పుపుస ధమనిలో పోయేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే, బిట్ పేపర్లో చాలామంది పడేది అక్కడే.

స్టెప్ 4: పేపర్ గొట్టంలా చుట్టి ఎవరి గుండె మీదైనా పెట్టి వినండి, 1816లో ఫ్రాన్స్ డాక్టర్ లెన్నెక్ మొదటి స్టెతస్కోప్ అదే. వినపడే లబ్ డబ్ రెండూ గుండెలోని కవాటాలు, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులు, మూసుకునే చప్పుళ్ళు.

పాప వెళ్ళి వాళ్ళ నానమ్మకి పెట్టింది. "నానమ్మా, నీ జఠరిక చప్పుడు చేస్తోందే" అంటే, "చెయ్యదేంటే మరి, ఇవాళ ఏకాదశి, పొద్దుట్నించి ఏం తిన్లేదు" అందావిడ.