చలి పోయే రోజుల్లో చిన్న కుంటలో పెద్ద కొర్రమట్టను గాలానికి పట్టడం ఎలా

సంక్రాంతి దాటాక ప్రతి ఏడూ ఇదే చూస్తుంటాను. పొద్దుగాల ఐదింటికే లేచి, మఫ్లర్ చుట్టుకుని, బండి మీద చలికి వణుక్కుంటూ కుంటకు పోయి, తొమ్మిదింటిదాకా గాలం విసిరి విసిరి, ఎర మీద చేప దెబ్బ ఒక్కటి కూడా తగలక "ఈ కుంటల చేపలే లేవు" అనుకుంటూ తిరిగొచ్చేస్తారు. చేపలున్నాయి. పోయిన సమయమే తప్పు. వానాకాలంలో, ఎండాకాలంలో కొర్రమట్టకు (కొరమీనుకు) తెల్లవారుజాము, సందెవేళ మంచివన్నమాట నిజమే గానీ, సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య ఆ లెక్క పనికిరాదు. ఈ రోజుల్లో పదకొండు నుంచి నాలుగు దాకా, ఎండ నెత్తి మీదున్నప్పుడే పెద్ద చేప కదులుతుంది. హాయిగా ఇంట్లో తినేసి బయల్దేరండి.

ఎందుకంటే చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది. రాత్రి చలికి ఒడ్డు పక్కన మోకాలి లోతు నీళ్లు ముందుగా చల్లబడతాయి, తెల్లారేసరికి కుంట మొత్తంలో అవే అన్నిటికంటే చల్లగా ఉంటాయి. మళ్లీ అవే నీళ్లు మధ్యాహ్నానికి అన్నిటికంటే ముందు వేడెక్కుతాయి. ఫిబ్రవరిలో ఓరుగల్లు వైపు పగలు 30 డిగ్రీలు దాటుతుంది, రాత్రి మాత్రం ఇంకా దుప్పటి కావాలి. ఆ తేడానే మనం వాడుకోవాలి. రాత్రంతా లోతులో బురద పట్టుకుని మొద్దుగా పడుకున్న కొర్రమట్ట ఎండకు మెల్లగా పైకి, ఒడ్డు వైపుకి వస్తుంది. వరసగా మూడు నాలుగు రోజులు మబ్బు లేకుండా ఎండ కాసి, చలిగాలి ఆగిన రోజు దొరికితే సెలవు పెట్టయినా పోవచ్చు. మబ్బు పట్టి ఈశాన్యం గాలి కొడుతుంటే మాత్రం నేనైతే ఇల్లు కదలను.

కొర్రమట్ట అంటే కొరమీనే, 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. చిన్న కుంటలో అంత పెద్దది ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. మన దగ్గర చెరువులు చాలావరకు కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు ఒర్రె (చిన్న వాగు) పట్టి కింది కుంటలోకి దిగుతాయి, నీళ్లతోపాటు కొర్రమట్టలూ దిగుతాయి. తడి నేల మీద కొంతదూరం పాకి కూడా పోగలదు అది. ఉచిత చేపపిల్లల పంపిణీలో వదిలేవి ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారు తీగ లాంటివి, కొర్రమట్ట మాత్రం చాలా కుంటల్లో తనంతట తానే వచ్చి చేరి, చిన్న చేపల్ని తిని బలుస్తుంది. అందుకే నాకు పెద్ద చెరువుల కంటే రెండు మూడెకరాల కుంటలంటేనే ఇష్టం, గంట సేపట్లో కుంటంతా చుట్టి ప్రతి మూలా చూసేయొచ్చు. పాకాల చెరువు లాంటివి ఈ లెక్కలోకి రావు, అది అభయారణ్యంలో ఉంది, అక్కడి నియమాలు వేరు.

ముందు అడగడం. కుంట చిన్నదే కదా అని ఎవర్నీ అడక్కుండా కూర్చోకండి. ఊరి చెరువుల్లో చేపల మీద హక్కు చాలా చోట్ల ముదిరాజ్, గంగపుత్రుల మత్స్యకార సహకార సంఘాలది, పిల్లలు వేసి ఏడాదంతా కాపలా కాసేది వాళ్లే. సంఘం పెద్దమనిషిని కలిసి "కాకా, ఒక్కపూట గాలంతోని కూసుంట, బొచ్చెల జోలికి పోను" అని చెబితే సాధారణంగా కాదనరు. వల ఎప్పుడు వేస్తున్నారో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి, వల లాగిన తర్వాత రెండు మూడు రోజులు కొర్రమట్ట బురదలోంచి బయటికి రావడం నేను చూడలేదు.

ఇక చోటు. ఈ రోజుల్లో యాసంగి నాట్లకు తూము ఇప్పి ఉంటుంది, నీళ్లు రోజురోజుకీ తగ్గుతుంటాయి. శిఖంలో, అంటే కుంట లోపలి నేలలో, నిన్నటిదాకా నీళ్లున్న చోట ఇవాళ బురద కనిపిస్తుంది. దసరాకి చేప దొరికిన చోటుకి ఇప్పుడు పోతే ఏమీ ఉండదు. కుంటలోకి దిగే పాత ఒర్రె ఎక్కడుందో చూడండి, నీళ్లు తగ్గేకొద్దీ ఆ కాలువ గీత తేలిపోతుంది, చుట్టూ మోకాలి లోతు ఉంటే అందులో నడుము లోతు ఉంటుంది. రాత్రికి చేప ఉండేది అందులో. ఆ ఒర్రె పక్కనే తుంగ గానీ, జమ్ము గానీ, తామరాకులు గానీ ఎండ పడేలా ఉంటే మధ్యాహ్నానికి అది వచ్చేది అక్కడికే. లోతుకీ ఆ ఆకులకీ మధ్య దూరం ఎంత తక్కువుంటే అంత మంచి చోటు. రెండోది కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లు. ఎండకు రాళ్లు కాలుతుంటే వాటిని ఆనుకున్న నీళ్లు కూడా వెచ్చబడతాయి, రాళ్ల సందుల్లో చిన్న చేపలు, రొయ్యలు ఉంటాయి. నాకు దొరికిన పెద్దవాటిలో సగం కట్ట రాళ్లకు మూరెడు దూరంలో దొరికినవే. జనం కట్ట మీద నిలబడి కుంట మధ్యలోకి విసురుతుంటారు, చేపేమో వాళ్ల కాళ్ల కిందే ఉంటుంది. కట్ట మీద నీడ నీళ్లలో పడకుండా, వంగి, మెల్లగా నడవండి. అడుగు చప్పుడు రాళ్లలోంచి నీళ్లకు పోతుంది.

ఇప్పుడు అసలు పని. గాలం విప్పకముందు అరగంట ఊరికే కూర్చోండి. ఇది చాలామంది చేయరు. కొర్రమట్ట మొప్పలతో మాత్రమే బతకలేదు, పైకి వచ్చి గాలి మింగాల్సిందే. వేడి రోజుల్లో మాటిమాటికీ వస్తుంది, చలిలో ఎప్పుడో ఒకసారి వస్తుంది, అదీ మెల్లగా, చప్పుడు లేకుండా. నీళ్ల మీద పళ్లెం అంత గుండ్రం ఒకటి లేచి, దాని మధ్యలో రెండు మూడు బుడగలు మిగులుతాయి. చిన్న చేప ఎగిరితే నీళ్లు చిట్లుతాయి, ఇది చిట్లదు, లోపలి నుంచి ఎవరో నెట్టినట్టు నీళ్లు ఉబ్బి సర్దుకుంటాయి. గుండ్రం పెద్దదైతే చేప కూడా పెద్దదే కావచ్చు. ఆ చోటు గుర్తుపెట్టుకోండి, పక్కన ఏ ఆకుంది, ఏ పుల్లుంది చూసుకోండి. కాసేపటికి మళ్లీ అక్కడే, రెండు మూడు బారల లోపలే లేస్తుంది. చలికి ఎక్కువ తిరగదు గనక ఒకసారి దొరికిన చోటు ఆ పూటంతా పనికొస్తుంది.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 7 అడుగుల మీడియం హెవీ (కాస్త బిరుసైన) రాడ్, రీలు, 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం ఉంటే చాలు. దారం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తామర కాడల్లోకి దూరిన రెండు కిలోల చేపను సన్న నైలాన్ దారం ఆపలేదు, నేను అలా పోగొట్టుకున్నది ఒక్కటి కాదు, పైగా నోట్లో గాలంతో పోయిన చేప ఏమైందోనని తర్వాత రోజంతా బాధ. వెదురు బొంగుకు లావు దారం కట్టి పట్టేవాళ్లు ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు దొరికేవీ తక్కువేం కాదు. కార్బన్ రాడ్ అయితే ఒక జాగ్రత్త. కుంటల చుట్టూ మోటర్లకు కరెంటు వైర్లు తక్కువ ఎత్తులో వేలాడుతుంటాయి, కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది. విసిరే ముందు తల పైకెత్తి చూడటం అలవాటు చేసుకోండి.

ఎర విషయంలో వానాకాలం అలవాటు మార్చుకోవాలి. ఈ చలికి కప్పలు పెద్దగా బయట ఉండవు, కాబట్టి చేప చూపు చిన్న చేపల మీద, రొయ్యల మీద ఉంటుంది. ఆకులు లేని నీళ్లలో, రాళ్ల పక్కన తోక ఆడే వేలెడు రబ్బరు చేపను, ముల్లు మొన రబ్బరులోనే దాగేలా గుచ్చి వాడతాను. ఆకుల మీద మాత్రం రబ్బరు కప్పే, వేరే ఏది వేసినా చిక్కుకుంటుంది, కాకపోతే చిన్న సైజు, 4 నుంచి 5 సెంటీమీటర్లది. ఎర్రలు (వానపాములు) దండగా గుచ్చి బెండు కట్టి వదిలితే చలి నీళ్లలో బాగానే తింటుంది, పరకపిల్లను (చిన్న చేపను) వెన్ను రెక్క పక్కన గుచ్చి వదిలినా తింటుంది. నిజం కప్పను పట్టి గుచ్చడం నాకు ఇష్టం లేదు, పొలంలో పురుగును తినే ప్రాణి, రబ్బరుది ఉండగా దాని అవసరమేముంది?

చేప గాలి మింగిన చోట దాని నెత్తి మీద పడేలా వేయకండి. ఒక బార అవతలికి విసిరి, దాని మీదుగా వచ్చేలా లాక్కురావాలి. లాగడం ఎంత నెమ్మదిగా అంటే, జానెడు లాగి ఆపండి, నీళ్ల మీద వలయాలన్నీ ఆరిపోయేదాకా ఆగండి, మనసులో పది లెక్కపెట్టండి, మళ్లీ జానెడు. వానాకాలంలో గబగబా లాగితే వెంటపడి కొడుతుంది, ఇప్పుడు వెంటపడే ఓపిక దానికి లేదు. చాలాసార్లు దెబ్బ పడేది ఎర కదిలేటప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడే.

దెబ్బ పడ్డాక ఏం చేయాలో నాకు పోయిన ఫిబ్రవరిలో పరకాల వైపు ఒక కుంట దగ్గర ఒక పెద్దాయన నేర్పాడు. పన్నెండున్నర అయింది, తామరాకుల అంచున గుండ్రం లేచింది, అవతలికి విసిరి మెల్లగా తెస్తున్నాను, ఒక ఆకు కింది నుంచి ఎత్తినట్టు లేచింది, ఇంకో ఆకు లేచింది, గుండె గొంతులో కొట్టుకుంటుంటే కప్ప ఆపేశాను. నీళ్లు బద్దలయ్యాయి. ఒక్క ఉదుటున గుంజాను, రబ్బరు కప్ప ఖాళీగా ఎగిరి వచ్చి నా చెవి పక్క నుంచి వెనక్కి పోయింది. బర్రెల్ని నీళ్లకు తోలుకొచ్చిన పెద్దాయన కట్ట మీద నుంచి అంతా చూసి, "గంత జల్ది ఎందుకు బిడ్డా? నోట్ల వెట్టుకోనియ్యాలె గద. బీడీ ముట్టిచ్చుకొని కూసో, మళ్ల అక్కడికే అస్తది" అన్నాడు. నాకు బీడీ అలవాటు లేదు గానీ కూర్చున్నాను. నలభై నిమిషాలు. మళ్లీ అదే ఆకు పక్కన గుండ్రం. ఈసారి దెబ్బ పడగానే రాడ్ కొన కిందికి దించి, ఒకటి, రెండు అనుకున్నాను, దారం తనంతట తానే బిగుసుకుంది, అప్పుడు రాడ్‌ను రెండు చేతులా వెనక్కి కొట్టాను. రెండుంబావు కిలోలు. రబ్బరు కప్ప వీపు మీద సన్న పళ్ల గాట్లు వరసగా పడి ఉన్నాయి.

కొర్రమట్ట నోరు ఎముక గట్టిది, మెల్లగా లాగితే ముల్లు దిగదు, కొడితే గట్టిగా కొట్టాలి. కొట్టాక మొదటి ఐదు సెకన్లలోనే అంతా తేలిపోతుంది. తల పైకి ఉండేలా రాడ్ ఎత్తి పట్టి, ఆగకుండా చుట్టుకుంటూ ఆకుల మీద నుంచి జార్చుకుంటూ తీసుకురండి. దానికి ఒక్క క్షణం సందిస్తే కాడల చుట్టూ చుట్టుకుంటుంది. అలా చుట్టుకుంటే విడిపించడానికి నీళ్లలోకి దిగకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. చాలా కుంటల్లో పూడిక తీసిన చోట్ల, మట్టికి తవ్విన చోట్ల నిలువు లోతు గుంతలుంటాయి, మోకాలి లోతు అనుకుని వేసిన తర్వాతి అడుగుకి మనిషి మునిగిపోతాడు. దారం వదులు చేసి పది నిమిషాలు ఆగితే చాలాసార్లు చేపే బయటికి వస్తుంది, రాకపోతే దారం తెంపుకోండి.

ఒడ్డుకి వచ్చాక తడి గుడ్డతో తల వెనక పట్టండి, జిగురుకి చేతిలో ఆగదు, పళ్లు కూడా ఉన్నాయి, ముల్లు పటకారుతోనే తీయాలి. ఇంటికి తీసుకుపోవాలంటే తడి గోనెసంచిలో వేస్తే గంటల తరబడి బతికే ఉంటుంది, మూతి బిగించిన ప్లాస్టిక్ కవర్లో మాత్రం వేయకండి, దానికి గాలి కావాలి.

నేను తీసుకుపోయేది కిలో, కిలోంబావు చేప ఒక్కటి, ఇంటికి అది చాలు. రెండు కిలోలు దాటినదాన్ని వదిలేస్తాను. రెండెకరాల కుంటలో అంతటివి కొన్నే ఉంటాయి, తొలకరి పడగానే గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లల గుంపును వెంటబెట్టుకుని కాపలా తిరిగేవి ఇవే. వదిలేటప్పుడు విసిరేయకండి. పొట్ట కింద చెయ్యి పెట్టి నీళ్లలో అలాగే పట్టుకుంటే కాసేపటికి తోక బిగుస్తుంది, ఒక్క తన్ను తన్ని ఆకుల కిందికి పోతుంది. నేను వెంటనే లేవను. రెండు మూడు నిమిషాలకి కొద్ది దూరంలో పళ్లెం అంత గుండ్రం లేస్తుంది, రెండు బుడగలు తేలతాయి. అవి కనబడ్డాకే రాడ్ సర్దుకుంటాను.