ఇమ్యునోథెరపీ గురించి అడిగే ముందు బ్లాకు తెచ్చుకోండి

మా అప్పకి (అక్కకి) అంగిట్లో క్యాన్సర్. అడ్డపొగ అలవాటు. చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని తాగడం మా పలాస వైపు పెద్దాడవాళ్లలో ఇంకా ఉంది. ఆపరేషన్, కరెంటు (రేడియేషన్), కీమో అన్నీ అయ్యాక మళ్లీ వచ్చింది. "ఇమ్యునోథెరపీ చేయిస్తే తగ్గిపోద్దంట కదా మావయ్యా" అని మేనల్లుడి ఫోను. జువాలజీ మేష్టార్ని కదా, ఫైలు నాకే అప్పగించారు. క్యాన్సర్ ఆస్పత్రికని విశాఖ బస్సెక్కేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒకటి తెలుసుకోండి. ఇమ్యునోథెరపీ ఒంట్లో బలం పెంచే టానిక్ కాదు. రోగాల మీద పోరాడే మన టి కణాలకి పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. గడ్డ పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి దాన్ని నొక్కుతుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు ఆ నొక్కుడిని ఆపుతాయి, అంతే. పీడీ-1 కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త హోంజోకి 2018లో నోబెల్ ఇచ్చారు.

మరి అందరికీ ఎందుకు పనిచేయదు? అప్పకి జీడితోట లెక్కన చెప్పాను. కొన్ని గడ్డల్లోకి కావలివాడు, అంటే టి కణం, రానేరాడు. పాంక్రియాస్, ప్రోస్టేట్ గడ్డలు చాలావరకు ఇంతే. కొన్నిచోట్ల వస్తాడు గానీ చుట్టూ పీచు కంచె, బయటే నిలబడిపోతాడు. కొన్ని గడ్డలు తమని పట్టించే హెచ్ఎల్ఏ అనే ఆనవాలునే వదిలించుకుంటాయి, దొంగ ఎదురుగా ఉన్నా పోల్చుకోలేడు. అలాంటప్పుడు బ్రేకు ఒక్కటే తీస్తే ఏం లాభం?

ఇప్పుడు బ్లాకు. బయాప్సీ చేసిన ల్యాబులో రిపోర్టుతో పాటు దీన్నీ అడిగి తీసుకోండి. నాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు, ఒక ట్రిప్పు దండగ. అగ్గిపెట్టెలో పట్టే ప్లాస్టిక్ గడి, అందులో తెల్లటి మైనం, మధ్యలో పెసరగింజంత గడ్డ ముక్క. అప్ప వెలుతురుకి పెట్టి చూసి "ఇదేటి, బెల్లంముక్కలాగుంది" అంది. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.

నోటి క్యాన్సర్‌కి దాంట్లోంచే పీడీ-ఎల్1 పరీక్ష చేసి సీపీఎస్ అనే స్కోరు ఇస్తారు. 1 కంటే తక్కువైతే పెంబ్రోలిజుమాబ్ ఒక్కదాని మీద ఆశ పెట్టుకోలేం, 20 దాటితే ఆశ ఎక్కువ. పేగు క్యాన్సరైతే ఎంఎస్ఐ, ఊపిరితిత్తులదైతే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యు పరీక్షలు చేశారా అని అడగండి.

ఖర్చుకి టెన్షన్ పడేవాళ్లు తక్కువ డోసు సంగతి అడగొచ్చు. నివోలుమాబ్ మామూలు డోసు 240 మి.గ్రా. ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి వాళ్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో మాత్రలతో పాటు 3 వారాలకోసారి 20 మి.గ్రా. ఇచ్చి చూశారు. ఏడాది దాటి బతికినవాళ్లు, మాత్రలే వాడినవాళ్లలో 16 శాతమైతే, ఇది కలిపినవాళ్లలో 43 శాతం. అయినా సగానికి పైగా జనం ఏడాది దాటలేదని మర్చిపోకండి.

ఇంట్లో వాడే మందులన్నీ చీటీ మీద రాసి పట్టుకెళ్లండి. స్టెరాయిడ్లు ఈ మందు పనిని దెబ్బతీయొచ్చు. అప్ప మోకాళ్ల నొప్పులకని ఊళ్లో తీసుకున్న మాత్రలు చూసి, అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరు వెంటనే చెప్పారు. అవి నాకు మందుల డబ్బాలో దొరకలేదు, పోపుల డబ్బాలో దొరికాయి. అక్కడా వెతకండి.