ఇంట్లో పెరిగే పిల్ల తాబేలుకు శీతాకాల సుప్తావస్థ అవసరమా?

ఈ ప్రశ్నకు జవాబు ముందుగా తాబేలు జాతిని బట్టి ఉంటుంది. మధ్యధరా ప్రాంతానికి చెందిన హెర్మన్ తాబేలు, మధ్య ఆసియాకు చెందిన హార్స్‌ఫీల్డ్ తాబేలు తమ సహజ నివాసాలలో చలికాలాన్ని మట్టిలో దూరి సుప్తావస్థలో, అంటే శరీర క్రియలు బాగా నెమ్మదించిన దీర్ఘ నిద్రలో గడుపుతాయి. ఆఫ్రికాలోని సల్కాటా, లెపర్డ్ తాబేళ్లకు, దక్షిణ అమెరికాలోని రెడ్‌ఫుట్‌కు, నక్షత్ర తాబేలుకు ఆ అలవాటు లేదు కనుక, వాటిని చలిలో ఉంచితే జబ్బుపడతాయి. జాతి ఏదో తెలియనప్పుడు, సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపించి నిర్ధారించుకొనేదాకా వెచ్చగానే ఉంచాలి.

సుప్తావస్థ అలవాటున్న జాతుల పిల్లలు కూడా తగిన వేడి, వెలుతురు అందితే మొదటి ఒకటి రెండు చలికాలాలను మెలకువగానే, ఏ హానీ లేకుండా గడపగలవు. అడవిలో పిల్లలు సైతం నిద్రపోతాయన్నది నిజమే. అయితే చిన్న శరీరంలో నీరు, కొవ్వు నిల్వలు తక్కువగా ఉండడం వల్ల, పెద్ద తాబేలు తట్టుకొనే పొరపాటు పిల్ల ప్రాణం తీయవచ్చు. అందుకే కొత్తగా పెంచుతున్నవారు మొదటి చలికాలంలో పిల్లను నిద్రపుచ్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మెలకువకూ సుప్తావస్థకూ మధ్యస్థమైన స్థితి. దీపం లేకుండా 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ ఉండే గదిలో తాబేలు మేత మానేసి, ఒక మూలకు చేరి, రోజుల తరబడి కదలకుండా ఉంటుంది. అది సుప్తావస్థలోకి వెళ్లిందని యజమాని ఊరట చెందుతాడు. వాస్తవానికి ఆ చలి మేత అరగనివ్వదు, అలాగని శరీర క్రియలను తగినంత నెమ్మదింపజేయదు కూడా. కడుపులో మిగిలిన మేత కుళ్లుతుండగా, తాబేలు తన నిల్వలను తానే కరిగించుకొంటూ నెమ్మదిగా ఆకలితో క్షీణిస్తుంది. పిల్ల మందగించినట్లు కనిపించగానే ముందుగా థర్మామీటరు చూడాలి.

మెలకువగా ఉంచదలిస్తే, పెట్టెలో ఒక వైపు దీపం కింద 30 నుంచి 32 డిగ్రీలు, మరొక వైపు 20 డిగ్రీలకు కాస్త పైన ఉండేలా చూడాలి. ఎముకలకు, డిప్పకు అవసరమైన అతినీలలోహిత బి కిరణాలు కిటికీ అద్దం గుండా దాదాపు రావు కాబట్టి, వాటిని ఇచ్చే ప్రత్యేక దీపాన్ని రోజుకు 12 గంటలు వెలిగించాలి. ఇంట్లో ఉన్నా పగలు కుదించుకుపోవడాన్ని తాబేలు గ్రహించి మందగిస్తుంది; దీపాలకు టైమరు పెడితే ఆ మందకొడితనం చాలావరకు తగ్గుతుంది. గడ్డం మునగనంత లోతు గోరువెచ్చని నీటిలో 10 నుంచి 15 నిమిషాలు తరచుగా ఉంచాలి. మెలకువగా ఉన్న పిల్ల ఏడాది పొడవునా పెరుగుతుంది గనుక అతిగా మేపకూడదు. పొడిగాలిలో డిప్ప గుబ్బలు కట్టకుండా ఒక మూలలో తేమ ఉంచాలి.

నిద్రపుచ్చాలనే నిర్ణయించుకొంటే, వైద్య పరీక్ష, నులిపురుగుల కోసం మల పరీక్ష ముందే పూర్తికావాలి. ముక్కు కారుతున్న, కళ్లు వాచిన, బరువు తగ్గిన పిల్లను నిద్రపుచ్చనే కూడదు. రెండు మూడు వారాల ముందు మేత ఆపి, కడుపు ఖాళీ అయ్యేవరకు వెచ్చదనాన్ని, నీటి స్నానాలను కొనసాగించి, ఆ తర్వాతే క్రమంగా చల్లబరచాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి: 10 దాటితే తాబేలు మేల్కొంటుంది, సున్నాకు దిగితే కళ్లు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇందుకు విడిగా ఒక ఫ్రిజ్ వాడి, గాలి మారేందుకు తలుపును అప్పుడప్పుడు కాసేపు తెరవడం అనుభవజ్ఞుల పద్ధతి. మొదటిసారి మూడు నాలుగు వారాలు చాలు.

ప్రతి వారం గ్రాముల త్రాసులో తూచి బరువు రాసుకోవాలి. మొదటి బరువులో పదో వంతు తగ్గేదాకా ఎన్నడూ ఆగకూడదు. మధ్యలో మూత్రం పోస్తే శరీరంలోని నీటి నిల్వ పోయినట్లే కనుక వెంటనే లేపి, వెచ్చబరచి, గోరువెచ్చని నీటిలో ఉంచాలి. లేచిన తాబేలు వారంలోగా మేత ముట్టకపోతే వైద్యునికి చూపించాలి.