బ్రేకుల్లో గాలి తీయడానికి సెలైన్ గొట్టం

పాత అంబాసిడర్ బ్రేకుల్లో చేరిన గాలిని తీయాలంటే ఒకరు పెడల్ తొక్కుతూ, మరొకరు చక్రం దగ్గర గాలి వదిలే చిన్న మరను, అంటే నిపిల్‌ను, తిప్పుతూ ఉండాలని అనుకుంటాం గాని, మందుల దుకాణంలో దొరికే సెలైన్ గొట్టం ముక్క ఉంటే ఆ పనిని ఒక్కరే చేసుకోవచ్చు. ముందుగా రింగు స్పానర్‌ను నిపిల్‌కు తగిలించి, ఆ తరువాతే గొట్టాన్ని బిగుతుగా తొడగాలి. ఈ వరుస తప్పితే పని మళ్లీ మొదటికి వస్తుంది. సీసాలో రెండంగుళాల మేర కొత్త బ్రేక్ ఆయిల్ పోసి గొట్టం కొసను అందులో పూర్తిగా ముంచి ఉంచితే, నిపిల్‌ను పావు చుట్టు వదులు చేసి పెడల్‌ను నెమ్మదిగా తొక్కి వదిలినప్పుడు గొట్టం గాలిని కాక ఆయిల్‌నే వెనక్కు పీలుస్తుంది.

స్టీరింగ్ కుడివైపున ఉండే మన కార్లలో, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉండే ఎడమ వెనుక చక్రంతో మొదలుపెట్టి, బుడగలు ఆగాక గొట్టం తీయకముందే నిపిల్ బిగించాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, ముఖ్యంగా హైదరాబాదు వానాకాలంలో, మూత తీసి ఉంచిన పాత డబ్బాను వాడకుండా రాణిగంజ్ విడిభాగాల బజారులో చిన్న సీలు డబ్బా కొనుక్కోవడం మేలు. ఈ ఆయిల్ రంగును పాడుచేస్తుంది కనుక కారు రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.