సైకిల్ సీటు నున్నగా ఉండాలా గరుకుగా ఉండాలా? ఒరుసుకుపోకుండా సీటు పైభాగం చూసుకోవడం ఎలా

సీటు నొప్పి పెడుతోందనగానే అందరూ చేసే మొదటి పని జెల్ కవర్ కొనడం. షాపులో బొటనవేలితో నొక్కి చూస్తారు, మెత్తగా లోపలికి పోతే చాలు, బాగుందని డబ్బులిచ్చేస్తారు. కానీ నొక్కితే తెలిసేది లోపలున్న ఫోమ్ సంగతే, గంటసేపు తొక్కాక తొడల సందుల్లో మంట పెట్టేది ఎక్కువసార్లు ఆ ఫోమ్ కాదు, పైనున్న తొడుగు. అది ఎంత నున్నగా ఉంది, కుట్టు ఎక్కడ పడింది, చెమటకి తడిస్తే ఎలా మారుతుంది అన్నది ఎవరూ చూడరు.

ముందు మీది ఏ రకం నొప్పో తేల్చుకోండి. దిగాక కూడా పిర్రల కింద ఎముక దగ్గర లోపల్లోపల సలుపుతుంటే అది ఒత్తిడి, దానికి సీటు వెడల్పు, ఎత్తు, ఆకారం చూసుకోవాలి, తొడుగు మార్చి లాభం లేదు. తిమ్మిరెక్కుతుంటే నరాలు నొక్కుకుపోతున్నట్టు, అది అస్సలు అశ్రద్ధ చేయొద్దు, సీటు పొజిషన్ మార్చండి, లేదా మధ్యలో గాడి ఉన్న సీటు తీసుకోండి. అలా కాకుండా స్నానానికి వెళ్ళి నీళ్ళు పడగానే చురుక్కుమంటే, చర్మం ఎర్రగా కందిపోయి ఉంటే, అది రాపిడి. ఇక్కడ రాసేదంతా ఈ రాపిడి వాళ్ళ కోసమే.

నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పుతున్నారనుకోండి, గంటకి 4,800 సార్లు ఒక్కో తొడ సీటు ముక్కుని, అంటే ముందున్న సన్నటి భాగాన్ని, రాసుకుంటూ కిందకీ పైకీ పోతుంది. ఆ కదలిక ఎక్కడో ఒకచోట జరగాల్సిందే, సీటుకీ బట్టకీ మధ్య జరిగితే మనకి తెలీను కూడా తెలీదు, అదే సీటు గరుకుగా ఉండి బట్టని పట్టేసుకుందంటే బట్ట కదలదు, తొడ మాత్రం ఆగదు కదా, దాంతో చర్మం వెళ్ళి బట్ట మీద ఒరుసుకుంటుంది. అలాగని అద్దంలా నున్నగా ఉన్నా తిప్పలే. మనిషి ముందుకి జారుతుంటాడు, చేతులతో హ్యాండిల్‌ని తోసుకుంటూ మళ్ళీ వెనక్కి జరుగుతుంటాడు, రైడ్ అయ్యేసరికి అరచేతులు, మణికట్లు, భుజాలు పట్టేస్తాయి, చాలామంది అది హ్యాండిల్ ప్రాబ్లం అనుకుని స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) మార్చేస్తుంటారు. నన్నడిగితే సీటుకి వెనక ఎముకలు ఆనే చోట కాస్త పట్టుండాలి, ముక్కు పక్కలు మాత్రం నున్నగా ఉండాలి. సీటంతా ఒకే గరుకున్నది రోజువారీ వాడకానికి నేనైతే తీసుకోను.

రేసుల్లో లెక్క వేరు. టైమ్ ట్రయల్లో, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసులో, ముందుకి వంగి ముక్కు మీదే కూర్చుంటారు, జారితే పవర్ పోతుంది, అందుకని గరుకు కావాలని పెట్టిస్తారు. జర్మన్ రైడర్ టోనీ మార్టిన్ అయితే గరుకుకాగితం లాంటి పైభాగం ఉన్న సీటు మీద తొక్కేవాడు. సీట్లు చేసే ప్రొలోగో కంపెనీ వాళ్ళు కొన్ని సీట్ల మీద రబ్బరు లాంటి చిన్న చిన్న బుడిపెలు పెడతారు, అవి కూడా జారకుండా ఉండటానికే. గంటలోపు అయిపోయే రేసు కోసం చేసినదాన్ని చూసి 200 కిలోమీటర్ల బ్రెవేకి (ఇచ్చిన టైములోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్‌కి) కొనుక్కోకండి, అక్కడ మీకున్న టైము 13 గంటల 30 నిమిషాలు, అందులో చాలాభాగం సీటు మీదే గడుస్తుంది.

ఇంకోటి, చెమట. పొడి చర్మం కంటే తడిసిన చర్మం ఎక్కువ పట్టుకుంటుంది, పైగా చాలాసేపు తడిగా ఉంటే నాని మెత్తబడి తొందరగా లేస్తుంది. మన మే నెల ఎండలో, ఆ తర్వాత వచ్చే ఉక్కపోతలో పొద్దున ఆరింటికి బయల్దేరినా అరగంటలో షార్ట్స్ తడిసిపోతాయి. అందుకే షాపులో ఏసీలో పొడి చేత్తో తడిమి చూసిన నునుపు రోడ్డు మీద పనికిరాదు.

ఇంట్లోనే చూసుకోండి. మీరు తొక్కేటప్పుడు వేసుకునే బట్టనే మడిచి సీటు మీద పెట్టి, అరచేత్తో గట్టిగా అదిమి ముందుకి తోయండి. తర్వాత అదే బట్ట తడిపి పిండేసి మళ్ళీ తోయండి. పొడిగా ఉన్నప్పుడు బానే జారి తడిపాక అతుక్కుపోతే ఆ సీటు ఎండాకాలం ఏడిపిస్తుంది. ఇది వెనక ఒకసారి, ముక్కు పక్కన ఒకసారి చెయ్యండి. ఆ తర్వాత పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని సీటంతా మెల్లగా నిమరండి, ఎక్కడ పోగు తగులుకుంటే అక్కడ లేచిన కుట్టో, పగిలిన రెక్సిన్ అంచో, ఎంబ్రాయిడరీ లోగోనో ఉంటుంది, కంటికి కనపడదు గానీ సాక్సుకి దొరికిపోతుంది. మీ షార్ట్స్ కూడా తిప్పి చూడండి, లోపలి తొడల దగ్గర బట్ట పోగులు లేచి ఉండలు కట్టిందంటే సీటు ముక్కు గరుకెక్కువనే అర్థం.

ఇక రిపేర్ల సంగతి. జారుతోంది అనుకున్నవాళ్ళు ముందు తొడుగుని కాదు, సీటు వంపుని చూడండి. సైకిల్‌ని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు మీద పొడుగ్గా అట్టపుస్తకం పెట్టి దాని మీద ఫోన్లో లెవెల్ యాప్ పెడితే తెలిసిపోతుంది. ముక్కు కిందకి వాలి ఉంటే ఎంత గరుకు తొడుగేసినా జారుతూనే ఉంటారు. కింద నట్టు వదులు చేసి కొంచెం కొంచెంగా, ఒక్కో గాటు చొప్పున సర్దుకుంటూ తొక్కి చూసుకోవాలి, ఒకేసారి బాగా పైకి లేపితే ముందు చెప్పిన తిమ్మిరి మొదలవుతుంది. వంపు సరిగ్గా ఉండి కూడా జారితే సబ్బునీళ్ళతో సీటు శుభ్రంగా కడగండి. బైకు సర్వీసింగ్ దగ్గర సైకిల్ కడిగించినప్పుడు చివర్లో మెరుపు కోసం సీటుకి కూడా పాలిష్ కొట్టేస్తారు, సగం జారుడు అదే, వద్దని ముందే చెప్పండి.

గరుకు ఎక్కువైతే? జెల్ కవర్ తగిలిస్తే సమస్య ఇంకో చోటికి పోతుంది అంతే, తాడు బిగించినా ఆ కవరు సీటు మీద అటూ ఇటూ మెలికలు తిరుగుతుంది, ముడతలు పడతాయి, ఆ ముడతే కోస్తుంది. దానికంటే బైకు సీట్లు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి కొత్త తొడుగు వేయించడం నయం. వెళ్ళినప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పండి: పైభాగం అంతా ఒకే ముక్క రావాలి, మధ్యలోగానీ ముక్కు పక్కల్లోగానీ కుట్టు పడకూడదు, అంచు మొత్తం కిందకి మడిచి అంటించాలి. వాళ్ళు బైకు అలవాటు కొద్దీ అందంగా డైమండ్ కుట్లు వేస్తామంటారు, వద్దనండి. బైకు మీద తొడలు ఆడవు కాబట్టి అక్కడ చెల్లుతుంది.

తోలు సీట్లు వాడేవాళ్ళు తక్కువే అయినా చెప్పాలి. 1866లో బర్మింగ్‌హామ్‌లో మొదలైన బ్రూక్స్ కంపెనీ బీ17 సీటు ఇప్పటికీ అమ్ముడుపోతోందంటే కారణం ఉంది. దానికి మెత్త ఉండదు, కొత్తలో చెక్క మీద కూర్చున్నట్టే ఉంటుంది, కానీ తొక్కేకొద్దీ తోలు మన ఎముకల దగ్గర దిగి, పైన బట్ట రాసుకుని రాసుకుని నిగనిగలాడుతుంది, బట్ట దాని మీద హాయిగా కదులుతుంది. వానలో నానితే మాత్రం ఆకారం పోతుంది, కాబట్టి ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవర్ దగ్గరుంచుకోవాలి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పట్టించొద్దు, మరీ మెత్తబడి సాగిపోతుంది, వాళ్ళే అమ్మే మైనం లాంటిది కొద్దిగా రాస్తే చాలు. అదే కంపెనీ కేంబియం అనే రకంలో కింద రబ్బరు, పైన నేసిన బట్ట ఉంటుంది, తోలుకి పెట్టే మెయింటెనెన్స్ దీనికి అక్కర్లేదు, కాకపోతే ఆ నేత వల్ల కొత్తలో కాస్త గరుకనిపిస్తుంది, పల్చటి షార్ట్స్‌తో తొక్కేవాళ్ళు చూసుకుని తీసుకోండి.

బట్టల గురించి పొడిగించను. జీన్స్‌లో నాలుగు వైపుల కుట్లు వచ్చి సరిగ్గా కూర్చునే చోటే కలుస్తాయి, దాంతో ఏ సీటైనా ఒకటే. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ లోపల అండర్‌వేర్ వేసుకోకండి, ఆ ప్యాడ్ నేరుగా చర్మానికి తగలడానికే చేసింది, మధ్యలో ఇంకో పొర, ఇంకో ఎలాస్టిక్ వస్తే రాపిడి రెట్టింపు. ఇల్లు చేరగానే తడి షార్ట్స్ విప్పేయండి, వాటితోనే కూర్చుని టీ తాగుతూ ఫోన్ చూడటం వల్లే సెగ్గడ్డలు లేస్తాయి. గడ్డ లేస్తే అది తగ్గేదాకా సైకిల్ ఎక్కకండి, గిల్లకండి, చీము పట్టినా జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, షుగర్ ఉన్నవాళ్ళు అంతదాకా కూడా ఆగొద్దు.

మార్పు ఏది చేసినా ఒక్కోసారికి ఒకటే చెయ్యండి, తొడుగూ వంపూ షార్ట్సూ అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. టెస్టుకి గతుకులు లేని, సిగ్నళ్ళు లేని దారి కావాలి, ఎందుకంటే గతుకుల్లో లేచి నిలబడుతుంటాం, చర్మానికి మధ్యమధ్యలో రెస్టు దొరికేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనున్న 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ దీనికి సరిపోతుంది. గంటసేపు కూర్చునే తొక్కి, ఇంటికెళ్ళి స్నానం చేసేటప్పుడు చురుక్కుమందో లేదో చూసుకోండి, మంటుంటే ఆ సీటుతో బ్రెవేకి పేరు ఇవ్వకండి.